యూనిఫాం పిల్లాడిది, డ్యూటీ అమ్మానాన్నలది

ఆగస్టు చివర్లో అమెరికాలో బడులు తెరవగానే ఎలిమెంటరీ స్కూళ్ల దగ్గర గడ్డిలో చిన్న చిన్న బోర్డులు మొలుస్తాయి, కబ్ స్కౌట్స్‌లో, అంటే చిన్నపిల్లల స్కౌటింగ్‌లో, చేరండి అని. ఆ వారంలోనే పిల్లాడి బ్యాగులో ఒక కరపత్రం ఇంటికి వస్తుంది. తెలుగు ఇళ్లలో దాని మీద చర్చ రెండు ప్రశ్నలతో ముగుస్తుంది. ఫీజు ఎంత? ఏ రోజు, ఎన్నింటికి? కుమాన్‌కీ, ఈతకీ, చెస్ కోచింగ్‌కీ అడిగేవీ ఇవే. ట్యూషన్‌కైతే ఈ రెండూ చాలు, కబ్ స్కౌట్ల బృందమైన ప్యాక్‌కు చాలవు. ఎందుకంటే ప్యాక్‌లో జీతం తీసుకునే మనిషి ఒక్కరూ ఉండరు. పిల్లలకు ముడులు నేర్పేది, హాలు అడిగి పెట్టేది, బ్యాంకు ఖాతా చూసేది, క్యాంపులో పొద్దున్నే పాన్‌కేకులు వేసేది అంతా ఆ పిల్లల అమ్మానాన్నలే. ఈ సంగతి చేరిన రోజే నిక్కచ్చిగా చెబితే ప్యాక్‌ల కష్టాలు సగం తీరతాయని నా అభిప్రాయం. కానీ చెప్పరు. చెబితే చేరరేమోనని భయం.

పైకి చూస్తే ఏర్పాటు తేలిగ్గానే అర్థమవుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా తరగతికో మెట్టు: లయన్, టైగర్, వుల్ఫ్, బేర్, వెబిలోస్, చివర ఏరో ఆఫ్ లైట్. ఒకే తరగతి పిల్లలు ఆరుగురో ఎనిమిది మందో కలిస్తే ఒక డెన్, డెన్లన్నీ కలిస్తే ప్యాక్. డెన్‌కు డెన్ లీడర్, ప్యాక్‌కు కబ్‌మాస్టర్. డెన్లు నెలలో రెండు మూడుసార్లు, ప్యాక్ మొత్తం నెలకోసారి కలుస్తాయి. వెనక చార్టర్ సంస్థ ఒకటి ఉంటుంది. అది చర్చి కావచ్చు, లయన్స్ క్లబ్ కావచ్చు, మాజీ సైనికుల సంఘం కావచ్చు, గుడి కమిటీ అయినా అభ్యంతరం లేదు. కాగితాల మీద ప్యాక్ వాళ్లదే. లీడర్లకు ఆమోదం చెప్పేది వాళ్లు, గది ఇచ్చేదీ మామూలుగా వాళ్లే. మగపిల్లలతోనే నడపాలా, 2018 నుంచి వచ్చిన వీలును బట్టి అమ్మాయిలనూ చేర్చుకోవాలా అన్నదీ అక్కడే తేలుతుంది. 2025 ఫిబ్రవరిలో జాతీయ సంస్థ పేరే బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా నుంచి స్కౌటింగ్ అమెరికాగా మారింది. అయినా మగపిల్లల ప్యాక్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

అసలు ఈ చిన్నపిల్లల విభాగం పుట్టిందే తమ్ముళ్ల గొడవ పడలేక. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ పెట్టిన క్యాంపు తర్వాత స్కౌటింగ్ ఊరూరా పాకింది. అన్నలు వెళ్తుంటే తమ్ముళ్లు వెంటపడ్డారు. 1916లో వాళ్ల కోసం ఇంగ్లండులో వుల్ఫ్ కబ్స్ మొదలైంది. కథా వాతావరణం కిప్లింగ్ రాసిన ‘జంగిల్ బుక్’ది, అంటే మన మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవి, అకేలా అనే తోడేలు నాయకుడు. అమెరికాలో కబ్ స్కౌటింగ్ 1930లో మొదలైంది. ఇప్పుడు అక్కడ దారి చూపే పెద్ద ఎవరైనా అకేలాయే, ఇంట్లో అమ్మానాన్నతో సహా. ఆ బిరుదు ఊరికే ఇచ్చింది కాదు, పని చేయించుకోవడానికి ఇచ్చింది.

ఆ పని ఎలా ఉంటుందో ఒక డెన్ మీటింగులో చూడాలి. వుల్ఫ్ డెన్ అంటే ఏడేళ్ల కుర్రాళ్లు ఎనిమిది మంది, సాయంత్రం ఆరున్నర, చర్చి బేస్‌మెంటు, మడత కుర్చీలు. పగలంతా బడిలో కూర్చుని విసిగి వస్తారు. ఒకడు ఆరూ ఇరవైకే దిగుతాడు, ఇంకొకడు ఆరూ నలభైకి. అందరూ చేరేలోపు చేతికి ఏదో ఒక పని దొరక్కపోతే ఆ గది కుస్తీ గోదా అయిపోతుంది. అందుకే అనుభవం ఉన్న డెన్ లీడర్ తలుపు పక్క బల్ల మీద ముందే తాడు ముక్కలు పెట్టి ఉంచుతుంది. వచ్చినవాడు వచ్చినట్టు స్క్వేర్ నాట్ వేస్తూ కూర్చుంటాడు. ఆ తర్వాత జెండా, ప్రమాణం, కాసేపు మాట, ఇంకాసేపు చేతిపని, ఒక ఆట, ఇల్లు. అంతా కలిపి గంట. దాని వెనక సామాను కొనడానికి, కత్తిరించి సిద్ధం చేయడానికి ఇంకో గంట. ఇంటికెళ్లాక ఎవరు ఏది పూర్తి చేశారో స్కౌట్‌బుక్ అనే ఆన్‌లైన్ రికార్డులో ఎక్కించాలి. 2024లో కార్యక్రమాన్ని సవరించాక ఏ మెట్టు దాటాలన్నా అడ్వెంచర్లు అనే చిన్న చిన్న పనుల్లో ఆరు తప్పనిసరివి, తనకు నచ్చినవి కనీసం రెండు చేయాలి. ఎక్కించడం మరిస్తే ప్యాక్ మీటింగులో అందరికీ అడ్వెంచర్ పూర్తి చేసిన గుర్తుగా బెల్టుకు తొడుక్కునే లూప్ వచ్చి ఒక్కడికి రాదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎంత రభస జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

తప్పనిసరి వాటిలో కుటుంబం, దైవభక్తికి సంబంధించిన అడ్వెంచర్ ఒకటుంది. చర్చి గదిలో మీటింగు, పైగా దేవుడి ప్రస్తావన అనేసరికి మనవాళ్లు కొందరు వెనక్కి తగ్గుతారు. ఆ భాగాన్ని ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి నమ్మకం ప్రకారం చేయించుకోవచ్చు. హిందూ కబ్‌ల కోసం ‘ధర్మ’ అనే పతకం కూడా ఉంది. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

పైన్‌వుడ్ డెర్బీ అనే చెక్క బొమ్మ కార్ల పందెం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్యాక్ స్వభావమంతా ఆ ఒక్కరోజు బయటపడుతుంది. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్ దీన్ని మొదలుపెట్టాడు. పదేళ్ల కొడుక్కి సోప్‌బాక్స్ డెర్బీలో, అంటే ఇంజను లేని బండ్ల పందెంలో, బండి తోలే వయసు రాలేదని, చెక్కతో చిన్న కార్లు చేయించి వాలు ట్రాక్ మీద వదిలాడు. ఇప్పుడు జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే దేశమంతా ఇదే సందడి. డబ్బాలో ఒక పైన్ చెక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, నాలుగు మేకులు ఉంటాయి. కారు బరువు 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు దాటకూడదు. పోటీకి ముందు తూకం వేసే బల్ల దగ్గర నిలబడితే చాలు, ఏ కారు ఎవరు చేశారో చెప్పేయొచ్చు. వంకరగా కోసి, రంగు కారిపోయి, అంకె సగం చెరిగిపోయిందంటే పిల్లాడు చేసింది. గాలి కోతకు తగ్గట్టు చెక్కి, ఇరుసులకు మెరుగుపెట్టి, గ్రాఫైట్ పొడి అద్ది, వెనక టంగ్‌స్టన్ బిళ్లలు దించిందంటే నాన్న రాత్రి రెండింటి దాకా గ్యారేజీలో ఉన్నాడన్నమాట. మన సాఫ్ట్‌వేర్ నాన్నలకు ఈ జబ్బు కాస్త ఎక్కువ. మీటింగులకు ఏడాది పొడవునా కనపడని మనిషి డెర్బీ తూకం దగ్గర పావు ఔన్సు కోసం వాదిస్తాడు. కాస్త తెలివున్న ప్యాక్‌లు దీనికి ఉపాయం కనిపెట్టాయి. పెద్దవాళ్లకు వేరే రేసు పెట్టేస్తాయి, మీ కార్లు మీరు తెచ్చుకోండి అని. ఆ నాన్ననే మరుసటి ఏడాది ట్రాక్ బాధ్యుడిగా వేస్తాయి. నా లెక్కలో కబ్‌మాస్టర్ చేసే అతి మంచి నియామకం అదే.

కబ్‌మాస్టర్ అనగానే సర్వాధికారి అనుకుంటారు. నిజానికి ఆయన వేదిక మీది మనిషి, పాటలు పాడించి, పతకాలు పంచి, పిల్లల్ని నవ్వించాలి. బండి లాగేది కమిటీ. అందులో చైర్ ఒకరు, డబ్బు చూసేవారు ఒకరు, పతకాల లెక్క చూసేవారు ఒకరు, క్యాంపు సైట్లు బుక్ చేసేవారు ఒకరు. శరదృతువులో పాప్‌కార్న్ అమ్మకాలు కూడా కమిటీ నెత్తినే. సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు బల్ల వేసుకుని పిల్లలు యూనిఫాంలో నిలబడి అమ్ముతారు. ప్యాక్‌ల పైన ఉండే ప్రాంతీయ కౌన్సిల్‌ను బట్టి తేడా ఉన్నా, అమ్మిన సొమ్ములో మూడో వంతు అటూ ఇటూగా ప్యాక్‌కు మిగులుతుంది. మిగతాది సరుకు ధరకు, కౌన్సిల్‌కు పోతుంది. అంత ఖరీదైన పాప్‌కార్న్ ఎవరు కొంటారని సణిగి, నేరుగా చెక్కు రాసిచ్చేసే తల్లిదండ్రులు ప్రతి ప్యాక్‌లోనూ ఉంటారు. లెక్క ప్రకారం వాళ్లు చేసేదే లాభం. కానీ ముక్కూమొహం తెలియని మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం ఎనిమిదేళ్లవాడికి చెక్కు నేర్పదు.

ఇక భద్రత. ఇది మొహమాటపడే విషయం కాదు. పిల్లల మీద జరిగిన లైంగిక వేధింపుల కేసులు మీదపడటంతో జాతీయ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. 82,000కు పైగా బాధితులు ముందుకొచ్చారు. 246 కోట్ల డాలర్ల పరిహార పథకం 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అనుమానిత వలంటీర్ల గురించి సంస్థ దశాబ్దాల పాటు లోలోపల దాచుకున్న ఫైళ్లలో వెయ్యికి పైగా 2012లో కోర్టు ఆదేశంతో బయటికొచ్చాయి. అంటే తెలియక జరిగింది కాదు, తెలిసీ మూసిపెట్టారు. ఈ చరిత్ర తెలిసిన తల్లి పిల్లాణ్ని పంపనంటే ఆమెను తప్పుపట్టలేం.

ఇవాళ్టి నియమాలు కఠినంగా ఉన్నాయి. ఏ మీటింగులోనైనా 21 ఏళ్లు నిండి, పేరు నమోదై, నేర చరిత్ర తనిఖీ దాటి, శిక్షణ పొందిన లీడర్లు ఇద్దరు ఉండాల్సిందే. పెద్దవాళ్లు ఎవరూ వేరేవాళ్ల పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు, ఫోన్ మెసేజీల్లో కూడా. రెండో లీడర్ రాకపోతే మీటింగు రద్దు. లయన్, టైగర్ మెట్ల పిల్లలకైతే ప్రతిసారీ ఇంటి నుంచి ఒక పెద్ద పక్కన ఉండాలి. కాగితం మీద నియమం ఎంత గట్టిదైనా దాన్ని నిలబెట్టేది గదిలో ఉన్న మనుషులే. పిల్లాణ్ని దింపేసి కాస్ట్‌కోకు వెళ్లిపోయే తల్లిదండ్రులు ఎక్కువైతే ఆ రెండో మనిషే దొరకడు. అలాంటప్పుడే, ‘ఈ ఒక్కసారికి పర్లేదులే’ అన్న మాట వినబడుతుంది. పాత రోగం అలాగే మొదలవుతుంది.

బయటివాళ్లకు కనపడని ఇబ్బంది ఇంకొకటుంది. ఐదో తరగతి వసంతంలో పిల్లలు ప్యాక్ వదిలి పెద్ద పిల్లల స్కౌట్ బృందమైన ట్రూప్‌కు వెళ్లిపోతారు, వాళ్లతో పాటే అమ్మానాన్నలూ వెళ్లిపోతారు. కబ్‌మాస్టర్, ఖజానా చూసే ఆయన, క్యాంపు కుర్చీల తాళం ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి, ముగ్గురి పిల్లలూ ఒకే తరగతి అయితే ప్యాక్ వేసవి దాటదు. ప్యాక్‌లు ఆగిపోయేది ఎక్కువగా పిల్లలు లేక కాదు, ఇలా ఒక్కసారి ఖాళీ అయిపోయి. కాబట్టి వారసుల్ని లయన్, టైగర్ తల్లిదండ్రుల్లోంచే పట్టుకోవాలి, రెండేళ్లు పక్కన నిలబెట్టి పని నేర్పాలి. జాతీయ స్థాయిలోనూ లోటు పెద్దదే. 2019 చివరితో మోర్మన్ చర్చి స్కౌటింగ్ నుంచి తప్పుకుంది, వెంటనే కోవిడ్ వచ్చింది. 20 లక్షల దగ్గరున్న సభ్యత్వం 10 లక్షల దగ్గరకు పడిపోయింది. ఇలాంటి రోజుల్లో కొత్తగా చేరుతున్న వలస కుటుంబాలు ప్యాక్‌లకు కొసరు కాదు, ఆధారం.

మనవాళ్లు వలంటీరు పనికి రారని ఒక మాట ఉంది. నేను ఒప్పుకోను. ఆదివారం మనబడి తెలుగు తరగతుల్లో అక్షరాలు దిద్దించేది ఎవరు? వినాయక చవితికి వెయ్యి మందికి పులిహోర కలిపేది ఎవరు? తెలుగు సంఘాల ఎన్నికల్లో పోస్టుల కోసం కొట్టుకునేదీ మనమే కదా. సేవ చేతగాక కాదు, పిలుపు అందక. ప్యాక్ మీటింగు చివర్లో కబ్‌మాస్టర్ మైకులో ఎవరైనా సాయం చేస్తారా అని అడుగుతాడు. అందరూ కాళ్ల వంక చూసుకుంటారు, తెల్లవాళ్లతో సహా. క్యాంపింగ్ అంటే ఏమిటో తెలియదు, గుడారం వేయడం రాదు, పాటల్లో జోకులు అర్థం కావు అని మనవాళ్లు ఇంకాస్త వెనక కూర్చుంటారు. అదే మనిషి దగ్గరికొచ్చి, రావు గారూ, మా ఖాతా మీరు చూడాలి, నెలకు రెండు గంటలు, సెప్టెంబరు నుంచి మే దాకా అంటే కాదనేవాడు అరుదు. పేరు పెట్టి, పని చెప్పి, గడువు చెప్పి అడగాలి. మన వైపు నుంచీ ఒకటి చేయొచ్చు. ఆర్నెల్లకని వచ్చిన తాతయ్యను లయన్ డెన్‌కు తోడు పెద్దగా పంపితే, బేస్‌మెంటులో చెక్కకు మేకు కొట్టడం ఎలాగో అక్కడున్న ఇంజనీర్లందరికన్నా ఆయనకే బాగా వచ్చని తేలుతుంది.

మన రాష్ట్రాల్లో దారి వేరు. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కబ్ విభాగం దాదాపుగా బడిలోనే బతుకుతుంది. ప్యాక్‌లో 24 మందికి మించరు, ఆరేసి మందికి సిక్స్ అనే ఒక జట్టు, దానికో నాయకుడు సిక్సర్. ప్రథమ చరణ్ నుంచి చతుర్థ చరణ్ దాకా మెట్లు. రూపం బాగుంది. కానీ మోసేది ఒక్క టీచరు. ఆయనకు బదిలీ అయితే ప్యాక్ అటకెక్కుతుంది. ఆయన ఉన్నా, హెడ్మాస్టరుకు గుర్తొచ్చేది ఆగస్టు 15 కవాతు ముందు వారమే. తల్లిదండ్రులకు అప్పజెప్పిన పని యూనిఫాం కొనడం, అది ఇస్త్రీ చేయడం. పెద్దయ్యాక రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్తే రైల్వేలో స్కౌట్స్ కోటా ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆశ కొందరిని నిలబెడుతుంది. ఎనిమిదేళ్లవాడికి ఆ లెక్క అందదు.

అయితే అమెరికా పద్ధతిని కళ్లు మూసుకుని మెచ్చుకోలేను. తల్లిదండ్రుల తీరిక మీద నడిచే సంస్థ తీరిక లేనివాళ్లను బయటే ఉంచుతుంది. రెండు షిఫ్టులు చేసే ఒంటరి తల్లి కొడుకు, కారు లేని ఇంటి పిల్లాడు ఆరున్నరకు చర్చి బేస్‌మెంటుకు ఎలా వస్తాడు? మన సర్కారు బడి కబ్‌కు ఆ బాధ లేదు. చివరి బెల్లు కొట్టాక అదే గ్రౌండులో ఉంటాడు, కూలికి వెళ్లిన అమ్మ సెలవు పెట్టక్కర్లేదు. ఆ సౌకర్యాన్ని వదులుకోకుండా, ఆ టీచరు పక్కన వారానికొక గంట కూర్చునే తల్లిదండ్రులు ఇద్దరిని పెట్టడం పెద్ద ఖర్చు కాదు, జీవో కూడా అక్కర్లేదు. హెడ్మాస్టరు జూన్ నెల పేరెంట్స్ మీటింగులో ఆ ఇద్దరి పేర్లు రాసుకుంటే, టీచరుకు బదిలీ వచ్చే ఏడాదికి ప్యాక్ రిజిస్టరు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఊళ్లో మిగులుతారు.