విడి విభాగం ఒక్కటే దారి కాదు
క్వియర్ (గే, లెస్బియన్ లాంటివాళ్ల), ట్రాన్స్ (ట్రాన్స్‌జెండర్) షార్ట్ ఫిల్ములను ఫిల్మ్ ఫెస్టివల్‌లో విడి విభాగంగా పెడితే వాటిని మూలకు నెట్టేసినట్టే అని మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో క్వియర్ సినిమాలకు 1987 నుంచి ఇస్తున్న టెడ్డీ అవార్డునే చూడండి. దానికంటూ విడి విభాగం లేదు. ఫెస్టివల్‌లోని అన్ని విభాగాల్లో వచ్చిన క్వియర్ సినిమాల్లోంచే ఎంపిక చేస్తారు, షార్ట్ ఫిల్ముకు వేరే బహుమతి కూడా ఉంది. అంటే సినిమా అందరి మధ్యా ఆడుతుంది, గుర్తింపూ దక్కుతుంది.

నాకు అసలు చిరాకు ప్యాకేజీల దగ్గర, అంటే ఇలాంటి షార్ట్ ఫిల్ములన్నీ కలిపి ఒకే షోగా వేయడం దగ్గర. గంటన్నరలో ఏడెనిమిది సినిమాలు కుక్కుతారు. సగం కథల్లో ఇంట్లోంచి గెంటేయడం, ఆత్మహత్య. వరసగా చూస్తే ఏది ఏదో గుర్తుండదు, ఏడుపు మాత్రం మిగులుతుంది. మధ్యలో ఒక కామెడీ, ఒక దెయ్యం కథ పడితే ఏం పోయింది? ట్రాన్స్ మనుషులు ఉద్యోగాలు చేసుకుంటూ, పక్కింటివాళ్లతో పోట్లాడుతూ కూడా ఉంటారు కదా! (ట్రాన్స్ పాత్రలకు ట్రాన్స్ నటులనే తీసుకోవాలన్న మీ మాటకు మాత్రం పూర్తి మద్దతు.)

ఇంకొకటి, సినిమా అయ్యాక ప్రేక్షకుల ప్రశ్నల సమయంలో ట్రాన్స్ దర్శకులను వాళ్ల సర్జరీ గురించి అడిగేవాళ్లను చర్చ నడిపే మోడరేటర్ అక్కడే ఆపాలి. షాట్ల గురించి అడగండి, ఎడిటింగ్ గురించి అడగండి.