మెమెంటో మహిమ

మా ఊరి హైస్కూలు ఎట్టకేలకు ప్రపంచ స్థాయికి చేరింది. హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చింది. సైన్సు ల్యాబు గోడకి సున్నం కొట్టి, నల్ల గ్రానైటు పలక బిగించి, 'క్రీడా కీర్తి మందిరం' అని బంగారు అక్షరాలు చెక్కించారు. పలకలో మొదటి పదకొండు వరుసలు ఆవిష్కరించినవారివి, అధ్యక్షత వహించినవారివి, విచ్చేసినవారివి, విచ్చేయకపోయినా పేరు వేయకపోతే ఊరుకోనివారివి. ఆటగాళ్లు కిందున్నారు. గొంతుక్కూర్చుంటే చక్కగా కనిపిస్తారు.

పలకతో నాకు పేచీ లేదు. మెమెంటోనే మింగుడు పడటం లేదు.

గాజు పెట్టె. లోపల ఎమ్మెల్యేగారు నమస్కారం పెడుతుంటారు. ఆయనకి కుడివైపు పార్టీ అధినేత, ఎడమవైపు దాత. అడుగున సన్నగా 'ఖోఖో క్రీడాకారిణికి'. పేరు లేదు. యాభై ఒకే రకంగా కొట్టిస్తే చవకట. ఆ లెక్కన వాలీబాల్ ఆడిన మా రేషన్ డీలరు కూడా, అరవై ఏళ్ల వయసులో, మీసాలతో సహా ఖోఖో క్రీడాకారిణి అయిపోయాడు.

నిజంగా ఖోఖో ఆడింది నా క్లాస్‌మేటు. రాష్ట్ర స్థాయిదాకా వెళ్లింది, చెప్పుల్లేకుండా. ఇప్పుడు అంగన్‌వాడీ ఆయా. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు, ఒంటిగంటకి పిలిచారు. ఎమ్మెల్యేగారు శాలువా కప్పారు. ఫొటోగ్రాఫరు "సార్, ఫ్లాష్ పడలేదు" అన్నాడు. తీసి మళ్లీ కప్పారు. ఈసారి సారు కళ్లు మూసుకున్నారు. మూడోసారి కప్పబోతుంటే పీఏ అరిచాడు: "అమ్మా, కొంచెం పక్కకి జరుగు, సార్ కనబడట్లేదు!" ఖోఖో కోర్టు చివర పాతే పోల్ దగ్గర ఎవరి చేతికీ చిక్కని మనిషి కదా, ఒక్క అడుగులో ఫొటోలోంచి మాయమైంది. శాలువాలు ఆరు తగ్గాయని ఆమెది మడిచి తర్వాతివాళ్లకి కప్పారు.

దిగి వచ్చి నన్నడిగింది: "ఒరేయ్, దీన్ని టీవీ పక్కన పెట్టాలా, దేవుడి గూట్లోనా?"

ఉపన్యాసాలన్నిట్లోనూ కరణం మల్లీశ్వరి వచ్చింది. 2000లో సిడ్నీలో ఆమె ఎత్తిన 240 కిలోల్లో సగం తామే మోసినట్టు చెప్పుకున్నారు. మన బడి నుంచి ఇంకో మల్లీశ్వరి రావాలట.

ఎలా వస్తుందండీ? డ్రిల్లు మాస్టారి పోస్టు మూడేళ్లుగా ఖాళీ. ఆటల పీరియడ్ వస్తే లెక్కల మాస్టారు సుద్దముక్కతో ప్రత్యక్షం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కంచు పతకం తెచ్చింది. ఆమె పరుగు మొదట ఎవరి కంట పడింది? బడిలో డ్రిల్లు మాస్టారి కంట. 1951లో, 1962లో దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం తెచ్చిపెట్టిన హైదరాబాదు కోచ్ రహీం సాబ్ వృత్తి ఏమిటి? బడిపంతులు. ఆ ఒక్క మనిషిని పెట్టకుండా గ్రానైటు పెడతారా? సిగ్గుండక్కర్లా!

మా పాత డ్రిల్లు మాస్టారు ఆ రోజు బస్సెక్కి వచ్చారు. నా క్లాస్‌మేటు కాలిగోరు ఊడినప్పుడు పసుపు పెట్టి కట్టింది ఆయనే. ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. జనం వెళ్లిపోయాక, కార్ల టైర్లు దున్నేసిన గ్రౌండులో చెప్పులు విడిచి కాలితో ఏదో వెతుకుతున్నారు.

"ఏంటి మాస్టారూ?"

"పోల్ గుంట ఇక్కడే ఉండాలి రా."

దొరికింది. అందులో ఎంగిలి బిర్యానీ ప్లేటు కుక్కి ఉంది.