రొద ఎవరిది?

(హాల్లో సౌండ్ మిక్సర్, రెండు స్పీకర్లు. అడుగు తీసి అడుగు వేద్దామంటే కేబుళ్లే.)

ఆవిడ: ఏమండీ, ఆ గురక మీదేననుకుని పక్కగదిలోంచి రెండుసార్లు అరిచాను. మీరు మేలుకునే ఉన్నారే!

ఆయన: గురక కాదు, హమ్. స్పీకర్లలోంచి వచ్చే గుయ్‌మనే రొద. మిక్సర్ నుంచి స్పీకర్ దాకా 10 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ లాగాను. అది అన్‌బ్యాలెన్స్‌డ్. లోపల ఒక్కటే తీగ, చుట్టూ షీల్డు, అంటే లోహపు తొడుగు. సిగ్నల్ తిరిగొచ్చే దారీ ఆ షీల్డే. పక్కనే పవర్ వైరు ఉండేసరికి దాని రొద కూడా ఎక్కేసింది.

ఆవిడ: మరి పవర్ వైరు పక్కన ఎందుకు వేశారు?

ఆయన: రెండూ గోడవారగా కలిపి కడితే నీటుగా ఉంటుందని...

ఆవిడ: ఎవరన్నారు?

ఆయన: నువ్వే.

(కాసేపు హమ్ ఒక్కటే మాట్లాడుతుంది.)

ఆయన: సరే, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వేశాను చూడు. ఇది బ్యాలెన్స్‌డ్. 3 పిన్నులు. ఒకటి షీల్డుకి. మిగతా రెండిట్లో వెళ్లేది ఒకే సిగ్నల్, కాకపోతే ఒకదాంట్లో తలకిందులు. నేను 5 అంటే నువ్వు మైనస్ 5 అన్నట్టు.

ఆవిడ: నేనెప్పుడన్నాను?

ఆయన: ఇప్పుడే! దారిలో 2 రొద ఇద్దరికీ సమానంగా అంటుకుంటుంది. నేను 7, నువ్వు మైనస్ 3. అవతలి పెట్టె నాలోంచి నిన్ను తీసేస్తుంది. ఎంత?

ఆవిడ: 10. రొద 2 ఎగిరిపోయింది! అంటే నేను అడ్డం మాట్లాడబట్టే ఈ ఇంట్లో రొద లేదన్నమాట. ఈ ముక్క మీ నోటితో ఇంకోసారి చెప్పండి.

ఆయన: ముందు నీ పాట విను.

(ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి మిక్సర్‌కి కేబుల్ పెడతాడు. వయొలిన్ వినిపిస్తుంది. పాట రాదు. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఎకో మాత్రం వస్తోంది.)

ఆవిడ: నా గొంతేదండీ?

ఆయన: ఇది బ్యాలెన్స్‌డ్ కేబులేనే! ప్లగ్గు మీద రెండు నల్ల గీతలున్నాయి... అయ్యో. హెడ్‌ఫోన్ ప్లగ్గుకీ అవే గీతలుంటాయి. ఫోన్ పంపింది ఎడమ, కుడి. మిక్సర్ ఏమో నిటారు, తలకిందులు అనుకుంది. నీ గొంతు రెండు వైపులా సమానంగా ఉంది కదా, అందుకని...

ఆవిడ: అందుకని?

ఆయన: ...రొద అనుకుని తీసేసింది.

ఆవిడ: ఇరవై ఏళ్లుగా మీరు నోటితో అనలేనిది, వచ్చిన గంటలో మీ పెట్టె అనేసిందా!

ఆయన: పెట్టెది తప్పు కాదే. ఎడమ ఒక ఛానల్‌కి, కుడి ఇంకో ఛానల్‌కి, రెండు ప్లగ్గులుగా చీలే కేబుల్ పెట్టాలి. వాల్యూం మరీ పెంచకూడదు కూడా. ఇన్‌పుట్ ఓర్చుకోలేకపోతే శబ్దపు అలల తలలు తెగి గొంతు చిరిగినట్టు వినిపిస్తుంది. ఆగు, ఈ కేబుల్ మారుస్తా.

ఆవిడ: ముట్టుకోకండి. ఇందాకటి నుంచీ మీ ఉపన్యాసం ఫోన్‌లో రికార్డ్ చేశాను. మోనోనే. రెండు వైపులా సమానంగా మీరే.

(ప్లే నొక్కుతుంది. హాలంతా నిశ్శబ్దం.)

ఆవిడ: అబ్బ! ఇంకాస్త వాల్యూం పెంచండి.