గడ్డలన్నీ మొలలు కావు

ఆసనం (మలద్వారం) దగ్గర గడ్డ కనిపించగానే మొలలు అనుకోవద్దని మీ వ్యాసంలో రాశారు. అలా అనుకునే నేను దెబ్బతిన్నాను. మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నిరుడు అక్కడ గడ్డ లేస్తే, మొలల బోర్డు పెట్టుకున్న ఒకాయన సరిగ్గా చూడకుండానే పూతమందు ఇచ్చాడు. నాలుగు రోజులకి జ్వరం, రాత్రంతా ఒకటే సలుపు, కూర్చోలేను. శ్రీకాకుళం వెళ్తే సర్జన్ గారు చీముగడ్డ అని ఆ రోజే కోసి చీము తీశారు. ఇది మాత్రలతో మాత్రమే తగ్గదట, పైగా నాకు షుగర్. మానిన చోటే మళ్లీ మళ్లీ చీము కారుతుంటే లూటీ (ఫిస్టులా, అంటే ఆసనం లోపల్నించి బయటి చర్మానికి ఏర్పడే సన్నటి దారి) అయి ఉండొచ్చు, రమ్మన్నారు.

లోపలి మొలలకి మామూలుగా నొప్పి ఉండదు. ఎర్రటి రక్తం పడుతుంది, ముక్కినప్పుడు బుడిపె జారుతుంది. ఉన్నట్టుండి నీలంగా, గోలీకాయలా గట్టిగా లేచి నొప్పి పెడితే బయటి మొలలో రక్తం గడ్డకట్టినట్టు. రెండు మూడు రోజుల్లోపు వెళ్తే అవసరాన్ని బట్టి తీసేస్తారు. మా ఆవిడకి మాత్రం ఫిషర్, అంటే ఆసనం అంచు చీలడం. విరేచనానికి వెళ్తే గాజుపెంకు కోసినట్టు మంట, అంచున చిన్న తోలు. దాన్నీ మొల అనుకునే ఏడాది దాచింది, సిగ్గు మరి.

పులిపిర్లు కూడా వస్తాయి, అవి వేరే సంగతి. వ్యాసంలో ఒకటి వదిలేశారు: గట్టిపడి పెరుగుతూ పోయే గడ్డ, బరువు తగ్గడం, విరేచనం తీరు మారడం ఉంటే క్యాన్సర్ పరీక్ష చేయించాలి.