దివాలా ఇంటర్వ్యూ కంటే దాని ముందు వారమే ఎక్కువ ముంచుతుంది

ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంటూ వ్యక్తిగత బ్యాంక్రప్టసీకి వెళ్లిన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లాండ్‌లో పద్ధతి వేరు. అక్కడివాళ్లు ఇందులోని గడువులు, అంకెలు పట్టుకోవద్దు.

680 పౌండ్లు కట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేదాకా, అడ్జుడికేటర్ (దరఖాస్తు చూసి నిర్ణయించే అధికారి) దివాలా ఆర్డర్ ఇచ్చేదాకా చాలామంది ఎలాగోలా నెట్టుకొస్తారు. ఆ తర్వాత అఫీషియల్ రిసీవర్ (దివాలా కేసు చూసే ప్రభుత్వ అధికారి) ఆఫీసు నుంచి ఫలానా రోజు, ఫలానా టైముకి ఇంటర్వ్యూ అని కబురు వస్తుంది. ఇక అక్కడి నుంచి కాళ్లూ చేతులూ ఆడవు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే గుండె గుభేలుమంటుంది. ఇలాంటప్పుడు మనవాళ్ల దగ్గర దొరికే సలహాలు రెండే. "ఏం కాదులే, టెన్షన్ పడకు" అనేది ఒకటి. "అది మాత్రం చెప్పకు" అనేది రెండోది. మొదటిదాంతో ఒరిగేదేమీ లేదు. రెండోది నిండా ముంచుతుంది. ఈ ఇంటర్వ్యూల్లో జనం దెబ్బతినేది ఎక్కువగా ఆ వారం రోజుల్లో భయంకొద్దీ చేసిన పనుల వల్లే. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు, అందుకే చెబుతున్నాను.

ముందు ఆ ఇంటర్వ్యూ ఏమిటో చూడండి. అది కోర్టు కాదు, పోలీస్ స్టేషన్ కాదు. రిసీవర్ ఆఫీసులో పనిచేసే ఎగ్జామినర్ ఒకరు మాట్లాడతారు, ఎక్కువ కేసుల్లో ఫోన్‌లోనే. దరఖాస్తులో మీరు రాసిన వివరాలు వాళ్ల ముందు తెరిచే ఉంటాయి. అప్పులు ఎలా పెరిగాయి, ఇక తీర్చలేనని మీకు మొదట ఎప్పుడు తెలిసింది, జీతమెంత, ఖర్చెంత, ఏయే బ్యాంకుల్లో ఖాతాలున్నాయి, కారుందా, ఇల్లుందా, గత 5 ఏళ్లలో ఏమైనా అమ్మారా, ఎవరికైనా ఇచ్చారా, బంధువులకు గానీ స్నేహితులకు గానీ బాకీ తీర్చారా, జూదం ఉందా, వ్యాపారం చేసి ఉంటే లెక్కల పుస్తకాలు ఎక్కడున్నాయి. ప్రశ్నలన్నీ దాదాపు వీటి చుట్టూనే తిరుగుతాయి. మిమ్మల్ని తిట్టడం వాళ్ల పని కాదు. మీ ఆస్తి ఏమిటో తేల్చడం, అప్పులవాళ్లకు ఏమైనా వస్తుందా చూడటం, మోసం జరిగిందా లేదా పరిశీలించడం, ఇంతే వాళ్ల పని.

భయానికి అసలు కారణం చాలామందికి వేరే ఉంటుంది. "ఐపీ పెట్టాడు" అనే మాట మనలో తిట్టు కిందే లెక్క. ఆ మాట వింటూ పెరిగిన మనిషికి ఎగ్జామినర్ గొంతులో ఊరంతా వినిపిస్తుంది. అందుకే మామూలు ప్రశ్నకి కూడా సంజాయిషీ మొదలుపెడతారు. "మీకు కారుందా?" అని అడిగితే ఉందనో లేదనో చెప్పి, ఉంటే మోడల్, సంవత్సరం, ఫైనాన్స్ ఉందో లేదో చెబితే సరిపోతుంది. దానికి బదులు ఆ కారు ఎందుకు కొనాల్సి వచ్చిందో పది నిమిషాలు చెబుతారు, అందులో రెండు తేదీలు తప్పు చెబుతారు. ఆ తేదీలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిపోవు. అక్కడి నుంచి అనవసరమైన ప్రశ్నలు. అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి. అవతలివాళ్లు టైప్ చేసుకుంటూ మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీరు నింపక్కర్లేదు.

ఇక ఆ వారంలో జరిగే పనుల గురించి. బాగా తెలిసినవాళ్ల అప్పు గురించి సిగ్గుపడి, "వాడి డబ్బు మాత్రం ఇచ్చేస్తే పోతుంది" అని ఎక్కడో మిగిలిన 2,000 పౌండ్లు పంపేస్తారు. మనిషిగా ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది. కానీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మీ ఆస్తి మీ ఇష్టం వచ్చినట్టు ఇచ్చేందుకు వీల్లేదు. అలా ఇచ్చింది చెల్లదని 1986 ఇన్సాల్వెన్సీ చట్టం 284వ సెక్షన్ చెబుతుంది. దరఖాస్తుకు ముందు ఇచ్చినా, ఒకరిని కావాలని ముందు వరసలో పెట్టి తీర్చిన బాకీని వెనక్కి రాబట్టవచ్చు. మామూలు అప్పులవాళ్లకు ఇచ్చిందైతే వెనక్కి 6 నెలలు చూస్తారు, బంధువుల్లాంటి దగ్గరివాళ్లకు ఇచ్చిందైతే 2 ఏళ్లు. ఉచితంగానో, కారుచౌకగానో ఇచ్చేసిన ఆస్తికి 5 ఏళ్ల దాకా వెళ్లవచ్చు. అంటే మీరు కాపాడాలనుకున్న తమ్ముడికే రేపు నోటీసు వెళుతుంది. ఇప్పటికే పంపేసి ఉంటే దాచకండి. తేదీ, మొత్తం, ఎందుకు ఇచ్చారు అని ఒక కాగితం మీద రాసి, వాళ్లు అడిగేలోపే మీరే చెప్పండి. స్టేట్‌మెంట్‌లో ఎలాగూ కనబడుతుంది.

మన కేసుల్లో ప్రత్యేకంగా తడబడేవి మూడు నాలుగు ఉన్నాయి, వీటి దగ్గర కాస్త ఆగుతాను. మొదటిది చీటీలు. ఎత్తిన చీటీకి ఇంకా కట్టాల్సింది అప్పు. ఎత్తని చీటీలో ఇప్పటిదాకా కట్టింది మీకు రావాల్సిన డబ్బు, అంటే ఆస్తి. వాట్సాప్ గ్రూపులో నోటి మాట మీద నడిచేదైనా సరే, రెండూ చెప్పాలి. రెండోది ఇండియాలో ఉన్నవి. స్థలం, ఫ్లాటు, ఉమ్మడి ఆస్తిలో వాటా, అక్కడి బ్యాంకులో డిపాజిట్, ఏది ఉన్నా చెప్పాల్సిందే. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. "నాన్న పేరు మీదే ఉంది, నాకింకా పంచలేదు" అన్నదే నిజమైతే ఆ మాటే చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాక దాని విలువ, హక్కు తేల్చుకోవడం వాళ్ల పని. మూడోది బంగారం. భార్యకు పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆవిడవి, మీ అప్పుకు అవి జమ కావు. కాకపోతే అవి ఆవిడవేనని చూపించేందుకు పెళ్లి ఫోటోలు, బిల్లులు ఉన్నాయేమో, లాకర్ ఎవరి పేరున ఉందో ముందే చూసి పెట్టుకోండి. అసలు నగలే లేవనడం వేరు, ఇవి ఆవిడవి అనడం వేరు. మొదటిది అబద్ధం, పట్టుబడితే నిజం చెప్పిన మిగతా ముప్పై జవాబులూ అనుమానంలో పడతాయి. నాలుగోది నెలనెలా అమ్మానాన్నలకు పంపే డబ్బు. ఖర్చుల పట్టికలో అది లేకపోతే స్టేట్‌మెంట్ చూసి అడుగుతారు. ముందే రాయండి.

చెబితే జైలుకు పంపుతారేమోనని వణికేవాళ్లు చాలామంది. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. ఆస్తి దాచడం, తెలిసి తప్పుడు వివరాలివ్వడం, కాగితాలు మాయం చేయడం నేరాలు. అక్కడ కూడా 352వ సెక్షన్ ఒకటుంది. మోసం చేసే ఉద్దేశం, ఆస్తి దాచే ఉద్దేశం లేదని చూపించగలిగితే అది రక్షణగా పనిచేస్తుంది. మరిచిపోయిన పాత ఖాతా గుర్తొచ్చి తర్వాత చెప్పినవాడినీ, అడిగాక కూడా దాచినవాడినీ ఒకే గాటన కట్టరు. మామూలు కేసులో ఆర్డర్ వచ్చిన 12 నెలలకు డిశ్చార్జి, అంటే దివాలా నుంచి విడుదల, దానంతట అదే వచ్చేస్తుంది. సహకరించనివాళ్లకు ఆ గడియారం ఆపమని రిసీవర్ కోర్టును అడగవచ్చు. తప్పుడు నడవడి తేలితే 2 నుంచి 15 ఏళ్ల దాకా ఆంక్షలు పడవచ్చు. ఫోన్ ఎత్తకుండా తప్పించుకుంటే ఆ భయం ఇంకెన్నాళ్లు సాగుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇక ఒంట్లో పుట్టే కంగారు సంగతి. కంగారులో మనిషికి జ్ఞాపకం సరిగా పనిచేయదు. తెలిసిన తేదీలే నోటికి రావు. అందుకని జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు, కాగితాన్ని నమ్ముకోండి. ఒకే ఒక్క పేజీ తీసుకుని ఎడమ పక్క నెల, సంవత్సరం, కుడి పక్క ఏం జరిగిందో రాయండి. ఉద్యోగం పోయింది, మొదటి క్రెడిట్ కార్డు, లోన్ మీద లోన్, ఆరోగ్యం దెబ్బతింది, కార్డుతో ఇంటద్దె కట్టడం మొదలైంది, మొదటి కిస్తీ తప్పింది. పది పన్నెండు లైన్లు చాలు. "తీర్చలేనని ఎప్పుడు తెలిసింది" అన్న ప్రశ్నకు జవాబు ఆ పేజీలోనే ఉంటుంది, దాని కింద గీత గీసి పెట్టుకోండి. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే ఆ తేదీ తర్వాత కూడా అప్పు చేశారా అన్నది వాళ్లు చూస్తారు. చేసి ఉంటే ఎందుకు చేశారో నిజం చెప్పండి. రెండో కాగితం మీద నెలవారీ ఆదాయం, ఖర్చు రాయండి. మూడోది ఖాతాల జాబితా, మూసేసినవాటితో సహా. ఈ మూడూ దరఖాస్తు కాపీ పక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరుగుతుంది. కంగారులో ఇంగ్లిష్ ఇంకా తడబడుతుంది. రెండు వాక్యాలు పైకి చదివి నోటికి అలవాటు చేసుకోండి. "ఐ డోంట్ రిమెంబర్ ది ఎగ్జాక్ట్ డేట్, బట్ ఐ కెన్ చెక్ అండ్ సెండ్ ఇట్ టు యూ." ఇంకొకటి, "కుడ్ యూ రిపీట్ ది క్వశ్చన్, ప్లీజ్?" మనసులో అనుకుంటే చాలదు, అద్దం ముందు కాకపోయినా గదిలో గట్టిగా, నాలుక తిరిగేదాకా అనండి. గుర్తులేనిదాన్ని ఊహించి చెప్పడం కంటే ఈ మొదటి వాక్యం వందరెట్లు మేలు. తెలుగు అనువాదకుడు కావాలన్నా, చెవి సరిగా వినబడదన్నా, డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు వాడుతున్నా ఇంటర్వ్యూ రోజుదాకా ఆగకుండా ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. మధ్యలో విరామం అడగవచ్చు. ధైర్యానికి పక్కన ఒకరు ఉంటారని ముందే చెప్పి కూర్చోబెట్టుకోవచ్చు, జవాబులు మాత్రం మీరే చెప్పాలి. దరఖాస్తు నింపింది బావగారే అయినా సరే.

ముందు రాత్రి అర్ధరాత్రి దాకా ఇంటర్నెట్‌లో భయంకరమైన కేసులు వెతక్కండి. సాయంత్రం ఒక అరగంట పెట్టుకుని బుర్రలో తిరిగే ప్రశ్నలన్నీ రాసేయండి, మూడింటికి మెలకువ వస్తే "అది రాసే ఉంది" అని అనుకోవడానికి పనికొస్తుంది. ఉదయం కాఫీ మీద కాఫీ వద్దు, గుండె దడ ఇంకా పెరుగుతుంది. ఖాళీ కడుపుతోనూ కూర్చోవద్దు. ఫోన్ వచ్చే పావుగంట ముందు పాదాలు నేలకు ఆనించి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదు నిమిషాలు చాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే ఒళ్లు నెమ్మదిస్తుంది. చార్జర్, నీళ్లు, పెన్ను దగ్గర పెట్టుకుని, పిల్లలు రాని గదిలో కూర్చోండి.

ఒక హెచ్చరిక. బ్యాంక్రప్టసీ ఆర్డర్లు గెజిట్‌లో, ఇన్సాల్వెన్సీ రిజిస్టర్‌లో అందరికీ కనబడతాయి. అవి చూసి రిసీవర్ ఆఫీసు పేరు చెప్పి డబ్బు కట్టమనే మోసగాళ్లు ఫోన్ చేసే ప్రమాదముంది. అనుమానం వస్తే పెట్టేసి, ఉత్తరంలో ఉన్న నంబరుకు మీరే చేసి, మీ రిఫరెన్స్ నంబరు చెప్పి కనుక్కోండి. చిరునామా బయటపడితే ఇంట్లో హింస భయం ఉన్నవాళ్లు దాన్ని దాచమని కోర్టును అడిగే వీలుంది.

ఇవన్నీ చదివే ఓపిక కూడా లేనంతగా మనసు కుంగిపోయి, బతకాలని లేదు అనిపిస్తుంటే ఇంటర్వ్యూ సంగతి పక్కన పెట్టండి. ముందు 116 123కి, అంటే సమారిటన్స్‌కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు. జీపీకి చెప్పండి. ఆ పరిస్థితిని రిసీవర్ ఆఫీసుకు చెబితే తేదీ మార్చమని అడగవచ్చు. అప్పు విషయంలో ఉచిత సలహాకు స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ ఉన్నాయి. డబ్బు తీసుకుని "నేను మేనేజ్ చేస్తా" అనేవాడి జోలికి పోవద్దు.

ఇంటర్వ్యూ అయ్యాక ఒకటి రెండు విషయాలు తప్పకుండా గుర్తొస్తాయి, ఆ ఖాతా చెప్పలేదే, ఆ తేదీ తప్పు చెప్పానే అని. ఆ రోజే ఈమెయిల్ రాయండి, సబ్జెక్టులో మీ పేరు, రిఫరెన్స్ నంబరు పెట్టి, "ఇంటర్వ్యూలో ఇలా చెప్పాను, సరైనది ఇది" అని రెండు లైన్లు. పంపిస్తామన్న కాగితాలు వాళ్లు చెప్పిన గడువులోగా పంపండి. డిశ్చార్జి అయ్యేలోగా వారసత్వంగా గానీ మరోలా గానీ ఆస్తి ఏదైనా చేతికొస్తే 21 రోజుల్లోగా తెలపాలి, జీతం పెరిగినా చెప్పాలి. 500 పౌండ్లు, అంతకు మించి అప్పు తీసుకోవాలంటే మీ స్థితి ముందే చెప్పాలి. మిగులు జీతంలోంచి కొంత కట్టమని ఒప్పందం అడిగితే, అది 3 ఏళ్లకు మించదు, ఇంటి ఖర్చులు పోగా మిగిలినదాని మీదే లెక్క వేస్తారు. ఆ లెక్క వేసేటప్పుడు మీ ఖర్చుల కాగితం మళ్లీ పనికొస్తుంది, పారేయకండి.