సవరణ: ఓడలో గది ఎంపిక గురించి

కొత్తగా పెళ్లయిన జంట మొదటి సముద్రయానానికి ముంబయి నుంచి లక్షద్వీప్ వెళ్లే ఓడ బాగుంటుందని గత వారం రాశాను. పై అంతస్తులో ముందువైపు బాల్కనీ గది తీసుకుంటే గాలి తగిలి కడుపులో తిప్పడం ఉండదని అందులో చెప్పాను. అది తప్పు.

అలల మీద ఓడ నడిమి భాగం తక్కువగా కదులుతుంది. ముందు, వెనుక కొసలు బాగా లేచి పడతాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ పక్కల ఊపూ పెరుగుతుంది. పెద్ద ఓడలకు అడుగు భాగంలో ఊపును తగ్గించే రెక్కలు ఉంటాయి గానీ, అవి పక్క ఊపును అణచినంతగా ముందువెనుకల ఎగుడుదిగుడును ఆపలేవు. కాబట్టి వికారం భయం ఉన్నవారికి కింది అంతస్తులో, ఓడ మధ్యన ఉన్న గదే సరైనది. ఓడల్లో పనిచేసిన ఒక ఇంజినీరు ఈ సంగతి చెప్పాక, ప్రయాణికులకు ఇచ్చే సూచనల్లోనూ సరిచూసుకున్నాను. అలాంటి గదుల ధర కూడా సాధారణంగా బాల్కనీ గదుల కంటే తక్కువే. బాల్కనీ తప్పనిసరి అనుకుంటే నడిమి భాగంలోనే వెతకండి.

మరొక మాట. ‘వీసా అక్కర్లేదు’ అని నేను రాసినదాన్ని కొందరు ఏ అనుమతీ అక్కర్లేదని అర్థం చేసుకున్నారు. లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి బయటి నుంచి వెళ్లే భారతీయులకూ ప్రవేశ అనుమతి పత్రం కావాలి. దాన్ని ఎవరు తీసుకోవాలో డబ్బు కట్టకముందే అడగండి.

నా మాట మీద ముందువైపు గది ఖరారు చేసుకున్నవారు, గడువు మిగిలి ఉంటే వెంటనే మార్చుకోండి.