నిలిచిన స్తంభాలు, కూలిన సంత

లెబనాన్‌లోని బాల్‌బెక్‌లో జూపిటర్ ఆలయానికి రోమన్లు 54 స్తంభాలు నిలిపారు. 1759 నాటికి వాటిలో తొమ్మిది మిగిలాయి. ఆ ఏడాది వచ్చిన భూకంపం మరో మూడింటిని పడగొట్టింది. ఇప్పుడున్నవి ఆరు, ఒక్కోటి దాదాపు 20 మీటర్ల ఎత్తు. లెబనాన్ అనగానే పోస్టుకార్డుల మీద కనిపించేవి అవే. 2024 నవంబరు 6న ఇజ్రాయెల్ వైమానిక దాడిలో ఒక క్షిపణి ఆ ప్రాంగణం పక్కనే పడింది. స్తంభాలకు ఏమైందోనని దేశదేశాల పండితులు కంగారుపడ్డారు, అవి చెక్కుచెదరలేదని తెలిశాక కుదుటపడ్డారు. అదే దాడిలో పక్కనున్న మన్షియా అనే ఒట్టోమన్ కాలపు భవనం నేలమట్టమైంది. 1874 నుంచి నడుస్తున్న పామైరా హోటల్ దెబ్బతింది. వీటి గురించి అడిగినవారు బహు తక్కువ.

మా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. యుద్ధం నుంచి కోలుకునే దేశం ముందుగా పర్యాటకుల డాలర్ల కోసం ఎదురుచూస్తుంది. అందులో తప్పు పట్టేదేమీ లేదు. 2019లో లెబనాన్ బ్యాంకులు కుప్పకూలక ముందు డాలరుకు సుమారు 1,500 లిరాలు వచ్చేవి; తర్వాతి అయిదేళ్లలోపే ఆ లెక్క 89,500కు చేరింది. బ్యాంకులు కూలి ఏడాది తిరగకముందే బీరుట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. ఆ మీదట యుద్ధం. 2023 అక్టోబరు 8న లెబనాన్ సాయుధ సంస్థ హెజ్బొల్లా సరిహద్దు అవతల ఇజ్రాయెల్ మీదికి రాకెట్లు పేల్చడంతో మొదలైన పోరు 2024 సెప్టెంబరులో పూర్తిస్థాయి యుద్ధమైంది. దాదాపు 4,000 మంది లెబనాన్ పౌరులు, యోధులు ప్రాణాలు కోల్పోయారు. నవంబరు 27న కాల్పుల విరమణ ప్రకటించారు. ఆ తర్వాత కూడా దాడులు ఆగలేదు. ఇన్ని దెబ్బలు తిన్న దేశానికి బాల్‌బెక్, తూరు, బిబ్లోస్ అనే ప్రాచీన నగరాలు చేతిలో మిగిలిన బంగారం లాంటివి. అయితే రాళ్లను మాత్రం తుడిచి ముస్తాబు చేసి, వాటి చుట్టూ బతికే ఊళ్లను గాలికి వదిలేస్తే ఆ ముస్తాబు ఎంతోకాలం నిలవదు. ఈ మాటకు లెబనాన్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది.

ఆ దేశం మొత్తం వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ. అంత నేల మీద యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన చోట్లు ఆరు. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో ఇవి కొత్త పేర్లు కావు. సొలొమోను మందిరానికి దేవదారు మ్రానులు పంపిన హీరాము తూరు రాజే. ఆ దేవదారు అడవుల్లో నేడు మిగిలినవి చెదురుమదురు తోపులు. బ్షర్రీ ఊరి పైనున్న తోపును కాదీషా లోయతో కలిపి 1998లో జాబితాలో చేర్చారు. కాళోజీ తెలుగులోకి తెచ్చిన ఖలీల్ జిబ్రాన్ పుట్టింది ఆ బ్షర్రీలోనే. ఇక తూరు ఒకప్పుడు ద్వీపం. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఏడు నెలలు ముట్టడించి, సముద్రంలోకి కట్ట పోయించి దాన్ని పట్టుకున్నాడు. ఆ కట్టకు ఇరువైపులా ఇసుక మేటలు వేసి ద్వీపం కాస్తా నేలకు అతుక్కుంది. ఒక యుద్ధం భూగోళాన్నే మార్చిన చోటు అది. అక్కడి నత్తల నుంచి తీసిన ఊదారంగు చక్రవర్తుల బట్టలకు పోయేది. 1909లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలతో కుస్తీపడితే చేతికొచ్చిన రంగు 1.4 గ్రాములు. రాజుల దర్జాకు ధర ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బిబ్లోస్ సంగతి మరింత దగ్గరగా చూడదగినది. 1923లో అక్కడి తవ్వకాల్లో అహిరాము అనే రాజు రాతి శవపేటిక బయటపడింది. దాని మీద ఫినీషియన్ అక్షరాల్లో ఒక శాసనం ఉంది, దాదాపు మూడు వేల ఏళ్ల నాటిది. చెక్కినది ఒక శాపం. ఈ పేటికను తెరిచినవాడి రాజదండం విరిగిపోవాలి, సింహాసనం తలకిందులు కావాలి, శాంతి బిబ్లోస్‌ను విడిచి పారిపోవాలి అని దాని సారాంశం. ఫినీషియన్ లిపి నుంచి అరమాయిక్, దాని నుంచి బ్రాహ్మి, బ్రాహ్మి నుంచి మన లిపి వచ్చాయని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఈ సంపాదకీయం అచ్చయిన అక్షరాల ముత్తవ్వలు ఆ శాపంలో కొలువై ఉన్నారు.

ఆ పేటిక ఇప్పుడు బీరుట్ జాతీయ మ్యూజియంలో ఉంది. అది ఇంకా అక్కడ ఉందంటే ఆ పుణ్యం ప్రధానంగా ఇద్దరిది. 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక నగరాన్ని రెండు ముక్కలు చేసిన గీత సరిగ్గా మ్యూజియం గుమ్మం ముందు నుంచి పోయింది. పురావస్తు శాఖ అధిపతి మోరిస్ షెహాబ్, ఆయన భార్య ఓల్గా చిన్న వస్తువులను నేలమాళిగలోకి దింపించి, తలుపులకు అడ్డంగా కాంక్రీటు గోడలు కట్టించారు. కదపలేని శవపేటికలకు, విగ్రహాలకు చుట్టూ చెక్క బిగించి, మీద కాంక్రీటు పోయించారు. నేల మీది మొజాయిక్‌లను ప్లాస్టిక్‌తో కప్పించి, పైన కాంక్రీటు పరిపించారు. సాయుధ ముఠాలు ఆ భవనాన్ని బ్యారక్‌లా వాడుకున్నాయి, గోడల నిండా రాతలు గీశాయి. ఆ కాంక్రీటు దిమ్మెల్లో ఏముందో పట్టించుకోలేదు. యుద్ధం ముగిశాక చూస్తే నేలమాళిగలోకి నీరు చేరి కొన్ని వస్తువులు పాడయ్యాయి. మిగిలినవన్నీ ఉన్నాయి. 1995లో వాటి జాబితా రాయడం మొదలుపెట్టేనాటికి షెహాబ్ కన్నుమూసి ఎంతోకాలం కాలేదు.

మ్యూజియంలో మంచి కాపరి బొమ్మ ఉన్న మొజాయిక్ ఒకటుంది. దాని కింది మూల ఒక రంధ్రం ఉంది. తుపాకీ గురిపెట్టడానికి ఒక స్నైపర్ చేసుకున్న కన్నం అది. పునరుద్ధరించినవాళ్లు దాన్ని పూడ్చలేదు, అలాగే వదిలేశారు. మరమ్మతు అంటే ఏమిటో తెలిసినవాళ్లు చేసిన పని అని మేము భావిస్తున్నాం. అంత శ్రమపడి కాపాడిన మ్యూజియంలో 2022లో కరెంటు లేక సందర్శకులు సెల్‌ఫోన్ వెలుగులో విగ్రహాలు చూడాల్సి వచ్చింది. కాపాడటం ఒక ఎత్తు, కాపాడినదాన్ని రోజూ చూసుకోవడం మరో ఎత్తు.

మ్యూజియానికి కొద్ది దూరంలో నగరం నడిబొడ్డున దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం ఉంది. పాత బీరుట్ బజార్లు, వాటి చుట్టుపక్కల వీధులు అంతర్యుద్ధంలో బాగా దెబ్బతిన్నాయి. 1994లో ఏర్పడిన సాలిడేర్ అనే కంపెనీకి ఆ ప్రాంతాన్ని తిరిగి కట్టే బాధ్యత అప్పగించారు. స్థలాల యజమానులకు, అద్దెదారులకు తమ దుకాణాలకు బదులు కంపెనీ వాటాలు ఇచ్చారు. మరమ్మతు చేయదగిన భవనాలను కూడా బుల్డోజర్లతో కూల్చేశారని, యుద్ధం కూల్చిన వాటికంటే పునర్నిర్మాణం కూల్చినవే ఎక్కువని బీరుట్ వాస్తుశిల్పులు నేటికీ అంటారు. 2009లో తెరిచిన కొత్త 'బజారు' చూడటానికి ముచ్చటగా ఉంటుంది. బ్రాండెడ్ దుస్తులు దొరుకుతాయి. పూర్వం అక్కడ కూరగాయలు, పాదరక్షలు, నగలు కొనుక్కున్న మనుషులు మాత్రం తిరిగి రాలేదు. రావడానికి వాళ్లకక్కడ ఏముంది?

దీనికి భిన్నంగా, బీరుట్‌లోనే సొదేకో కూడలిలో 1924 నాటి పసుపురంగు బరాకాత్ భవనం ఉంది. అందులోనూ స్నైపర్లు మకాం వేశారు. 1990ల్లో కూల్చేద్దామనుకుంటే మోనా హల్లాక్ అనే వాస్తుశిల్పి ఏళ్ల తరబడి పోరాడి అడ్డుకున్నారు. ఇప్పుడది తూట్లు పడ్డ గోడలతోనే నగర జ్ఞాపకాల మ్యూజియంగా నిలిచింది. ఒక మనిషి పట్టుదల వేల కోట్ల ప్రణాళికకంటే ఎక్కువ సాధించింది.

ఇప్పుడు దక్షిణాన నబతియేకి వెళ్దాం. అక్కడి పాత బజారుకు మధ్యయుగంలో ఆ ప్రాంతాన్ని ఏలిన మమ్లూకుల కాలం దాకా మూలాలున్నాయి. ప్రతి సోమవారం సంత. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు. కాఫీ గింజలు, బట్టలు, మిఠాయిలు, పొగాకు బేరాలు, పెళ్లి సంబంధాలు అన్నీ అక్కడే. 2024 అక్టోబరు 12 రాత్రి దాడుల్లో ఆ బజారు నడిభాగం రాళ్లగుట్ట అయింది. నాలుగు రోజుల తర్వాత పురపాలక భవనం మీద జరిగిన దాడిలో పట్టణ మేయరు కూడా మరణించారు. ఆ సంతకు యునెస్కో పలక లేదు, ప్రవేశ టికెట్టు లేదు. కాబట్టి అది వారసత్వ సంపద కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవడానికి మేము సిద్ధంగా లేము.

నవంబరు 18న యునెస్కో కమిటీ లెబనాన్‌లోని 34 చోట్లకు తాత్కాలికంగా అత్యున్నత రక్షణ హోదా ఇచ్చింది. మంచిదే. కానీ ఆ హోదాకు ఆధారం, యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడేందుకు కుదిరిన 1954 హేగ్ ఒప్పందానికి 1999లో చేర్చిన రెండో ప్రోటోకాల్. 1954 ఒప్పందంలో ఉన్న ఇజ్రాయెల్ ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు. అంటే బాంబు వేసేవాడు సంతకం పెట్టని కాగితం చూపించి బాంబు వేయవద్దని అడుగుతున్నామన్నమాట. హెజ్బొల్లా కూడా ఏ ఒప్పందానికీ కట్టుబడే సంస్థ కాదు. జనావాసాల మధ్య ఆయుధాలు దాచి పెట్టినప్పుడు ఆ వీధుల పాత ఇళ్లను కూడా పణంగా పెట్టినట్టే.

తిరిగి కట్టడానికి 1,100 కోట్ల డాలర్లు కావాలని 2025 మార్చిలో ప్రపంచ బ్యాంకు లెక్కకట్టింది. నష్టంలో పెద్ద వాటా ఇళ్లదే. ఈ డబ్బులో ఎంత వస్తుందో, వచ్చినదాన్ని ఎవరు ఖర్చుపెడతారో అన్నదే అసలు ప్రశ్న. నబతియే బజారును మరో కంపెనీకి అప్పగించకూడదు. దుకాణదారులకు వాటాల కాగితాలు కాక తమ పాత అంగడి చోటే ఇవ్వాలి. కూలిన రాయిని లారీలకెత్తి సముద్రంలో పోయకముందే పనికొచ్చేది వేరు చేయాలి. పాత బజారు కమాను మళ్లీ నిలబడాలంటే ఆ రాయే కావాలి. లిరా పతనంతో బియ్యానికి కూడా చాలని జీతాలందుకుంటున్న పురావస్తు శాఖ కాపలాదార్లకు ముందు బతికే జీతం ఇవ్వాలి. శిథిలాల దొంగలు ఏ దేశంలోనైనా సరిగ్గా ఇలాంటి సమయం కోసమే కాచుకుని ఉంటారు.

బాల్‌బెక్‌లో 1956 నుంచి వేసవి ఉత్సవం జరుగుతోంది. మరుసటి ఏడాదే లెబనాన్ గాయని ఫైరూజ్ ఆ మెట్ల మీద పాడారు. అంతర్యుద్ధం వల్ల రెండు దశాబ్దాలకు పైగా ఆగి 1997లో మళ్లీ మొదలైంది. 2020లో కొవిడ్ వేళ ఒక్క ప్రేక్షకుడు లేకుండా బాకస్ ఆలయంలో కచేరీ చేశారు. 2025 వేసవిలో మళ్లీ జనం మధ్య జరిగింది. ఇది మొండితనమే, మాకు ఇష్టమైన మొండితనం. అయితే కచేరీకి బీరుట్ నుంచి బస్సులో వచ్చి అర్ధరాత్రికి తిరిగిపోయే శ్రోత ఆ ఊళ్లో భోంచేసి, ఒక రాత్రి బసచేసేలా ఏర్పాట్లు లేకపోతే బాల్‌బెక్ జనానికి దక్కేది చప్పుడు మాత్రమే.

మన దేశానికి ఇందులో చేయదగిన పని ఒకటుంది. దక్షిణ లెబనాన్‌లోని ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో భారత పటాలం 1998 నుంచి ఉంది. భద్రతా మండలి తీర్మానం ప్రకారం ఆ దళం గడువు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. పాతికేళ్లకు పైగా అక్కడి పల్లెల్లో సంపాదించుకున్న మంచిపేరును సైనికుల సామానుతో పాటే ఓడెక్కించి తెచ్చేయడం తెలివైన పని కాదు. 1986 నుంచి 1993 వరకు కంబోడియాలో అంకోర్‌వాట్‌ను బాగుచేసిన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు యుద్ధం నలిపిన దేశంలో పనిచేసిన అనుభవం ఉంది. ఒక చిన్న బృందాన్ని పంపడానికి విదేశాంగ శాఖ బీరుట్ ప్రభుత్వంతో ఇప్పుడే మాట్లాడాలి. పంపితే ముందు నబతియేకే పంపాలి. బాల్‌బెక్‌ను చూసుకోవడానికి 1898లో జర్మన్ చక్రవర్తి కైజర్ వచ్చి వెళ్లిన దగ్గర నుంచి జర్మన్లున్నారు.